భూతద్దం పిన్ని, మెరవని అతుకులు

మా హాల్లో ఆవిడను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. అందరికీ భూతద్దం పిన్నే. బల్లకు బిగించిన దీపం, ఆ దీపం మధ్యలో పళ్ళెమంత భూతద్దం, దాని వెనక ఆవిడ మొహం. ఇవతలి నుంచి చూస్తే కళ్ళు రెండూ గుడ్లగూబ కళ్ళలా కనిపించేవి. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొదటిరోజు హడలిపోయేవారు. నేనూ హడలిపోయాను. కాకపోతే నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది కనుక ఆ హడలును కూడా కోపంగా మార్చుకుని, అలా చూస్తారేంటని అడిగేశాను. ఆవిడ భూతద్దాన్ని పక్కకు తిప్పి, మామూలు కళ్ళతో నన్ను ఎగాదిగా చూసి, "వచ్చిందమ్మా కందిరీగ" అంది. ఆ రోజు నుంచి నేను కందిరీగను. నా అసలు పేరూ ఎవరికీ గుర్తులేదు.

మేము చేసేవి సర్క్యూట్ బోర్డులు. దుకాణాల్లో తూకం యంత్రాల లోపలా, లిఫ్టు మీటల వెనకాలా ఉంటాయే, ఆ పచ్చటి పలకలు. వాటి మీద చిన్న చిన్న భాగాలు గుచ్చి, వాటి కాళ్ళను టంకంతో అతికించాలి. టంకమంటే తగరం, సీసం కలిపి తీసిన తీగ. టంకం పెట్టే కడ్డీ వేడి మొన తగలగానే వెన్నలా కరుగుతుంది, మొన తీయగానే గట్టిపడుతుంది. ఆడవాళ్ళం ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని తలా కొన్ని అతుకులు వేసి బోర్డును పక్కవాళ్ళకు జరిపేవాళ్ళం. అది చేతులు మారుతూ పోయి చివరన పిన్ని ముందు ఆగేది. ఆవిడ భూతద్దంలో చూసి, బాగోలేని అతుకు పక్కన వేలిగోరంత ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి తోసేది. బాణంతోపాటు నాలుగు మాటలు కూడా వచ్చేవి. "ఇది అతుకా, ముక్కు చీది వదిలావా?" అని ఒకసారి నా బోర్డు గురించి హాలంతా వినేలా అడిగింది. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు నేను. ఆవిడ మాత్రం నాతో మాట్లాడుతూనే ఉంది.

ఆవిడ నేర్పిన విద్య ఒక్కటే. మంచి అతుకు మెరవాలి. మెరుపు లేకుండా మసకగా, పొడిపొడిగా ఉందంటే వేడి చాలలేదని అర్థం. అది ఇవాళ కాకపోతే రేపు చిట్లుతుంది, ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కుంటారు. దాంట్లో నీ మొహం కనిపించాలే అనేది. మా చేతులు కాలి, కళ్ళు మండి, చివరికి మా అతుకులు మెరవడం మొదలుపెట్టాక, బాణాలు తగ్గి మాటలు మాత్రం మిగిలాయి.

ఆ మాటలెందుకో తెలియాలంటే ఆవిడ ఇల్లు చూడాలి. ఒక దర్జీ దుకాణం పైన ఒక్క గది. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. తోడబుట్టిన అన్న ఒకడున్నాడు గానీ వాళ్ళ మధ్య మాటలు ఎప్పుడో తెగిపోయాయి, ఎందుకు తెగాయో ఇద్దరికీ సరిగా గుర్తున్నట్టు లేదు. శనివారం సాయంత్రం గది తలుపు వేసుకుంటే మళ్ళీ సోమవారం పొద్దున హాల్లో కూర్చునేదాకా ఆవిడ నోరు తెరవాల్సిన పని పడేది కాదు. అందుకే సోమవారం మాకు పండగే. దాచిపెట్టిన మాటలన్నీ ఆ రోజు బయటపడేవి. కింద దర్జీ మొగుడూ పెళ్ళాలు దేనికి పోట్లాడుకున్నారో, ఆవిడకు వచ్చిన కల ఏంటో, కలలో మేమెవరెవరం కనిపించామో. నన్ను ఎప్పుడూ చీమగానో తేలుగానో కలగనేది. చేతులు పని చేస్తుంటే చెవులు ఆవిడకు అప్పగించి కూర్చునేవాళ్ళం. ఆ బల్ల ఆవిడకు ఉద్యోగం కాదు, ఇల్లు. ఈ సంగతి మాకందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

అలాంటి బల్ల మీద ఒకరోజు సూపర్‌వైజరు కొత్త తీగచుట్ట పెట్టాడు. ఇకనుంచి సీసం ఉండదన్నాడు. పారేసిన యంత్రాల్లోంచి సీసం నేలలోకీ నీళ్ళలోకీ దిగుతోందట, మనిషి ఒంటికి మంచిది కాదట, సీసం కలిసిన బోర్డులు ఇక కొనేది లేదని పై దేశాల కొనుగోలుదారులు చెప్పేశారట. కొత్త టంకంలో తగరమే ఎక్కువ, కొంచెం వెండి, కొంచెం రాగి. వెండి పేరు వినగానే మాకు సంబరమేసింది. పిన్ని అయితే ఇంకా ఎంత మెరుస్తుందోనని చేతులు రుద్దుకుంది. తీరా వేసి చూస్తే, తొందరగా కరగదు, మొన ఇంకా కాలాలి, పొగ ముక్కుకు ఘాటుగా తగులుతుంది. ఇంతా చేస్తే చల్లారిన అతుకు బూడిద రంగులో, గరుగ్గా, మసకగా ఉంది. సూపర్‌వైజరు దాన్ని చూసి బ్రహ్మాండమన్నాడు. పిన్ని దాని పక్కన ఎర్ర బాణం అంటించింది.

ఆయన నచ్చజెప్పాడు. ఈ టంకం స్వభావమే అంత, మసకగా ఉండటం తప్పు కాదు, ఇప్పుడు చూడాల్సింది మెరుపు కాదు, అంచు. టంకం రాగి మీద పల్చగా పరుచుకుని కాలిని అంటిపెట్టుకుంటే మంచిది. నూనె గిన్నెలో నీటిబొట్టులా ముడుచుకుని గుండ్రంగా నిలబడితే చెడ్డది. పిన్ని అన్నీ వింది, తల ఊపింది, మళ్ళీ బాణం అంటించింది. అన్నేళ్ళు ఒకటి చూసిన కళ్ళు ఒక్కరోజులో ఇంకోటి చూడమంటే చూస్తాయా?

తరవాత హాలు మధ్య నేల మీద పసుప్పచ్చ టేపు వేశారు. అటువైపు సీసం లేని పని, ఇటువైపు పాత పని. పాత యంత్రాలు కొన్నవాళ్ళకు విడి బోర్డులు ఇంకా అవసరం కాబట్టి పాత పని ఏడాది చివరిదాకా సాగుతుంది. ఒకవైపు వస్తువు ఇంకోవైపు వెళ్ళకూడదు. మొనలు, పట్టకార్లు, తడి స్పాంజి, చేతి తొడుగులు, ఆఖరికి పని కోటు కూడా. రవ్వంత సీసం అంటుకున్నా అటువైపు బోర్డులన్నీ తిప్పి కొడతారని భయం. అటు వెళ్ళాలంటే పరీక్ష ఉంది. ఒక పళ్ళెంలో మంచివీ చెడ్డవీ కలిపి బోర్డులు ఇస్తారు, చెడ్డ అతుకులకు మాత్రమే బాణాలు అంటించాలి. అతుకులు వేసే మేము ముక్కీ మూలిగీ గట్టెక్కాం. పిన్ని చేతిలోంచి వచ్చిన బోర్డులకు మాత్రం తట్టు పోసినట్టుంది, ఒళ్ళంతా ఎర్ర బాణాలే. మంచివీ లేవు, చెడ్డవీ లేవు, మసకగా ఉన్న ప్రతిదానికీ అంటించింది. మేము పగలబడి నవ్వాం, ఆవిడా నవ్వింది. ఇంకో రెండు అవకాశాలున్నాయని సూపర్‌వైజరు అన్నాడు.

ఒక్కొక్కరం టేపు దాటి వెళ్ళిపోయాం. ఇవతల పిన్నీ, కరిగిన సీసం కుండ చూసుకునే మేస్త్రీ మిగిలారు. మేస్త్రి చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసే మనిషి, ఔనూ కాదూ తప్ప మాట్లాడడు. భోజనానికి కూడా కలిసేది లేకుండా పోయింది. పాతవైపు వాళ్ళు కోటు విప్పి, వేరే కొళాయి దగ్గర చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని రావాలి. ఆవిడ డబ్బా పట్టుకుని వచ్చేసరికి మేము చేతులు తుడుచుకుని లేస్తుండేవాళ్ళం. ఒకరోజు నేను అటువైపు నుంచి తల తిప్పి చూస్తే, ఆ పొడవాటి ఖాళీ బల్ల చివర దీపం వెలుగుతోంది, భూతద్దం వెనక పిన్ని పెదాలు కదులుతున్నాయి. పక్కన ఎవరూ లేరు. చేతిలో బోర్డుతో మాట్లాడుతోంది. ఆ రోజు నేను వేసిన అతుకులు నాకే నచ్చలేదు.

ఆ వారమే సూపర్‌వైజరును అడిగి, పనికిరావని పక్కన పడేసిన కొత్తరకం బోర్డులు కొన్ని సంచిలో వేసుకుని ఆదివారం ఆవిడ గదికి వెళ్ళాను. ఆదివారం ఇల్లు వదిలి రావడమంటే మాటలా? మా అత్తగారు మొహం ముడుచుకుంది, పిల్లలు కాళ్ళకు చుట్టుకున్నారు, మా ఆయన నా వైపు చూడకుండా చెప్పులు పాలిష్ చేసుకున్నాడు. పోనీలే అని వచ్చేశాను. మంచం, స్టవ్వు, కిటికీ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీ మీద ఇస్త్రీ చేసిన చీరలు పేర్చి ఉన్నాయి. నేను కూర్చోవాలని వాటిని తీసి మంచం మీద పెట్టింది.

చేతి భూతద్దంతో ఒక్కో అతుకూ చూశాం. మెరుపు మాట మరిచిపో పిన్నీ, అంచు చూడు, అంచు, అని నేను మొత్తుకోవడం, అది ఏడ్చి మొహం కడుక్కోని మనిషిలా ఉందే, దాన్ని ఎట్లా మంచిదనమంటావే అని ఆవిడ మొండికేయడం. గురువును నేను, ఆవిడ శిష్యురాలు. నాకు పట్టరాని గర్వంగా ఉంది, చెప్పొద్దూ. "దీనికి ముక్కు చీదినట్టుంది" అని ఒక చెడ్డ అతుకు చూపించి పాత బాకీ తీర్చుకున్నాను. పడీపడీ నవ్వింది. మరుసటి ఆదివారం కూడా వెళ్ళాను, ఆ పై వారం కూడా. టీ పెట్టేది. మధ్యలో ఏదో అడిగేది, అటువైపు ఎలా ఉందని. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పొగకు ఒక్కొక్కరి ముందూ గాలి లాగే గొట్టం పెట్టారు, మనిషికీ మనిషికీ మధ్య రేకు అడ్డం పెట్టారు. పొద్దున్నించి సాయంత్రం దాకా గొట్టాల హోరు. పక్కనున్నది ఎవరో కూడా తెలియదు, ఒకరి మాట ఒకరికి వినపడదు. అదంతా ఆవిడ శ్రద్ధగా విని, ఊఁ అంది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

రెండో పరీక్ష రోజున బోర్డులు సరిచూసే పని సూపర్‌వైజరు నాకు అప్పగించాడు. పిన్ని పళ్ళెం తెచ్చి ఇచ్చి కొళాయి వైపు వెళ్ళింది. ఆయన పై నుంచి ఒక్క చూపు చూసి పెదవి విరిచాడు. ఇంక లాభం లేదు, మూడో పరీక్ష కూడా దండగ, గోడౌనులో అట్టపెట్టెలు కట్టే పనికి పంపిద్దామన్నాడు. గోడౌను రోడ్డుకు అవతల వేరే కట్టడంలో ఉంది. అక్కడ ఒక్క మనిషి చాలు.

నేను ఒక్కో బోర్డూ తిప్పి చూస్తూ పోయాను. మంచి అతుకు, పక్కన బాణం. చెడ్డ అతుకు, ఏమీ లేదు. మళ్ళీ మంచిది, బాణం. చెడ్డది, శుభ్రం. ఆ పళ్ళెంలో నాకే అనుమానం వచ్చినవి ఉన్నాయి, అవి కూడా అంతే. ఒక్కటంటే ఒక్కటి కూడా పొరపాటున సరిగ్గా లేదు. చూపు లేని మనిషి చీకట్లో అంటించినా సగం సరైన చోటే పడతాయి. అన్నీ తప్పు చేయాలంటే అన్నీ తెలిసుండాలి. నాకు ఒళ్ళు మండింది.

కొళాయి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ సబ్బు నురగతో చేతులు రుద్దుకుంటోంది.

"కావాలనే చేశావు కదా పిన్నీ?"

"ఏది?" అంది, తల ఎత్తకుండా.

"ఒక్కటి సరిగ్గా అంటించి ఉన్నా నమ్మేదాన్ని."

ఆవిడ కొళాయి తిప్పింది. నురగ పోయినా చేతులు రుద్దుతూనే ఉంది. కాసేపటికి, ఇంకో అవకాశం ఉందన్నారుగా, ఏడాది చివరిదాకా టైముందిగా అని గొణిగింది. ఉంటే మాత్రం అని నేను గట్టిగా అడిగాను. అప్పుడు తల ఎత్తింది.

"పరీక్ష నెగ్గితే ఆదివారం నువ్వెందుకొస్తావే?"

నా జవాబు కోసం ఆగకుండా చెప్పుకుపోయింది, మెల్లగా, ఎవరి మీదా కోపం లేకుండా. అటువైపు ఎవరి మాటా వినపడదని నేనే చెప్పానట. అక్కడ కూర్చున్నా ఒంటరిగానే కూర్చోవాలి, ఇక్కడ కూర్చున్నా అంతే. మధ్యలో ఈ ఆదివారం ఒకటి దొరికింది, దాన్ని ఇంకొన్నాళ్ళు లాగుదామనుకుంది. నేను వస్తాను, పరీక్ష ఉన్నా లేకపోయినా వస్తాను అన్నాను. రాకుండా పోతావని అనడం లేదంది.

"వస్తావులే. మొదట్లో వస్తావు" అంది.

ఆ మాట నాకు మంట పెట్టింది, కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు కనుక ఇంకా మంట పెట్టింది. ఆ విసురులోనే గోడౌను సంగతి చెప్పేశాను. ఆవిడకు తెలియదు. మూడో పరీక్ష ఉంటుందన్న ధీమాతోనే ఉంది. కొళాయి కట్టేసింది. తడిచేతులు తుడుచుకోవడం మరిచిపోయి, రోడ్డు అవతల కట్టడం కనిపించే కిటికీ వైపు చూస్తూ నిలబడింది. అంత భయం ఆవిడ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్ళాను. సార్, కంగారులో తిరగేసి అంటించిందావిడ, మంచివాటికి పెట్టింది, చెడ్డవాటిని వదిలేసింది, తిప్పి లెక్కేసుకోండి, ఒక్క తప్పుంటే నన్ను కూడా గోడౌనుకు పంపించండి అన్నాను. ఆయన చిరాకుపడుతూనే మొదలుపెట్టాడు. సగానికి వచ్చేసరికి చిరాకు పోయింది, చివరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇలాంటి పొరపాటు జన్మలో చూడలేదన్నాడు. సరే, ఇంకోసారి పెడదాం, ఈసారి బాణాలు దేనికి అంటించాలో నువ్వే దగ్గరుండి చెప్పు అన్నాడు.

నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మూడో పరీక్షలో పిన్ని బోర్డులు చకచకా తిప్పి, బాణాలు పెట్టాల్సిన చోటల్లా పెట్టి, పళ్ళెం ముందుకు జరిపింది. గోడౌనులో అట్టపెట్టెలతో మాట్లాడేకంటే నయమే అని మాత్రం అంది. పాత కోటు విప్పి తొట్టిలో పడేసింది, కొత్తది తొడుక్కుంది, పసుప్పచ్చ టేపు దాటింది. అందరం చప్పట్లు కొట్టాం. గొట్టాల హోరులో ఆ చప్పట్లు ఆవిడకు వినపడ్డాయో లేదో.

ఆవిడను నా పక్కనే కూర్చోబెట్టారు, మధ్యలో రేకు. రేకు మీదుగా ఆవిడ కొప్పు, నుదురు, భూతద్దం పై అంచు కనిపించేవి. వెనక్కి వాలి చూస్తే మొహం కనిపించేది. మొదటిరోజు పెదాలు ఆడుతూనే ఉన్నాయి. ఏదో పెద్ద కథే చెబుతోంది, మధ్యలో నవ్వుతోంది కూడా. నాకు ఒక్క ముక్క వినపడలేదు. తల ఊపాను. ఆవిడ ఏదో అడిగినట్టు నా వైపు చూసింది, దానికీ తల ఊపాను. అది ఊపాల్సిన ప్రశ్న కాదు కాబోలు, మొహం అదోలా అయింది. మర్నాడు తక్కువ మాట్లాడింది. భోజనానికి అందరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం, కానీ హోరుకు తల దిమ్మెక్కి ఎవరికీ మాట్లాడాలనిపించేది కాదు, గబగబా తిని లేచిపోయేవాళ్ళం. వారం తిరగకుండానే ఆవిడ పెదాలు కదలడం ఆగిపోయింది. ఎర్ర బాణాలు మాత్రం ఎక్కడ పడాలో అక్కడే పడుతున్నాయి. సూపర్‌వైజరు ఆవిడను మెచ్చుకున్నాడు.

ఆదివారం వచ్చింది. మా అత్తగారు, ఇంకా ఏం బోర్డులు, ఆవిడ పాసైపోయిందిగా అని అడిగింది. అయిపోయిందండీ అని చెప్పి బయల్దేరాను.

పిన్ని తలుపు తీసి నన్ను చూసింది. నా చేతులు చూసింది, నా భుజం మీద సంచి కోసం చూసింది. "ఏమైందే? హాల్లో ఏమన్నా జరిగిందా?" అంది.

"ఏం జరగలేదు. ఊరికే వచ్చాను."

కాసేపు తలుపు పట్టుకునే నిలబడింది. తరవాత పక్కకు జరిగింది. కుర్చీ మీద మళ్ళీ చీరలు పేర్చి ఉన్నాయి, వాటిని తీసి మంచం మీద పెట్టింది. అలవాటుగా కిటికీ రెక్కలు బార్లా తెరిచింది, వెలుగు బల్ల మీద పడింది, చేతి భూతద్దం కోసం సొరుగు లాగింది. బల్ల మీద ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, సొరుగు మూసేసింది. నాకెదురుగా కూర్చుంది. ఏదన్నా చెబుతుందేమోనని చూశాను. దాచిపెట్టుకున్న మాటలుంటాయి కదా, వారం మాటలు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరాయి ఇంటికి వచ్చినదానిలా ముడుచుకుని కూర్చుంది. కింద దర్జీ మిషను కాసేపు నడిచి ఆగింది.

"ఇంటిగలాయన అద్దె కోసం వస్తాడు. మీటరు చూసేవాడొస్తాడు. దర్జీ పెళ్ళాం బట్ట ఎగిరొచ్చి పడిందని వస్తుంది. నువ్వొచ్చేదానివి, బోర్డులు తెచ్చేదానివి" అంది పిన్ని. ఆగి, నిజంగా తెలియక అడిగినట్టు నా మొహంలోకి చూసింది.

"ఊరికే వచ్చినవాళ్ళతో ఏం చేస్తారే?"